మరొకరి బీము

పోయిన ఆదివారం పొద్దున జగిత్యాలలో మా ఇంటికి మా అల్లుడి స్నేహితులు ముగ్గురు సైకిళ్ళ మీద వచ్చారు. నెత్తిన పుచ్చకాయ చెక్కల్లాంటి టోపీలు, ఒంటికి అంటుకున్న చొక్కాలు. సిరిసిల్లలో మానేరు ఒడ్డు పట్టుకొని పాత నేత వాడల గుండా తీరిగ్గా సైకిల్ యాత్ర పెట్టారట. దారిలో ఆగి పాత సంగతులు చెప్పడానికి ఓ పెద్దమనిషి కావాలట. "మీకు ఆ వాడలన్నీ తెలుసట గదా అంకుల్, మంచి మంచి ముచ్చట్లు చెప్పాలె" అన్నారు. ఒక సైకిల్ నా చేతికిచ్చి చూడమన్నారు. ఎత్తితే బరువే తెలియలేదు. మా బావ సైకిల్‌కు స్టాండు తియ్యాలంటేనే నాకు రెండు చేతులూ చాలేవి కావు. వస్తాననీ రాననీ చెప్పకుండా చాయ్ తాగించి పంపాను గానీ, ఆ 'తీరిగ్గా' అన్న మాట నన్ను పొద్దంతా సతాయించింది. ఆ దారిలో నేనూ ఒకనాడు తీరిగ్గానే తొక్కాను. తీరిక నాది. పక్కన తొక్కిన మనిషికి లేదు.

ఆ మనిషి మా అక్క భర్త. మాది కోరుట్ల. ఇంట్లో ఆడవాళ్ళంతా బీడీలు చుట్టేవారు. అక్క పెళ్ళై సిరిసిల్ల పోయేటప్పుడు బట్టల పెట్టెతో పాటు బీడీల చేటా పట్టుకుపోయింది. బావది పోగులు అతికే పని. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. నిలువు పోగులు చుట్టి దానికి ఎక్కించే పెద్ద రోలరు బీము. ఒక బీము నూలు అయిపోతే, కొత్త బీము ఎక్కించి, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులుంటాయి. వేళ్ళకు ఇంత బూడిద రాసుకొని కూర్చున్నాడంటే అన్నీ అయ్యాకే లేచేవాడు. ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరమంటే మాత్రం చూపు ఆనదనేవాడు. ఆ పనివాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. ఏ కార్ఖానాకు ఎవరు వాడుకగా అతుకుతారో ఆ బీములు ఆయనవే. ఆయనకు జ్వరమొచ్చినా, చుట్టాలింటికి పోయినా, ఆయన సరేనంటేనే ఇంకొకరు చెయ్యి పెట్టాలి. ఎక్కడా రాసి లేదు, అయినా ఎవరూ తప్పేవారు కాదు. నాకు ఆ సంగతి చెప్పింది బావే. చెప్పకపోయినా బాగుండేది.

నా డిగ్రీ అయిన ఏడాది గుడ్డ కొనేవాళ్ళు లేక కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బావ వాడుకవి రెండూ పోయాయి. సగం వాడ అప్పటికే మహారాష్ట్రలో సాంచాలు నడిచే భీవండికి బస్సెక్కింది. బావ కూడా సీటు మాట్లాడుకొని వచ్చాడు. అక్కకు అప్పుడు ఏడో నెల. రెండు రోజులు అన్నం ముట్టకుండా కూర్చుంది. నేను చూడటానికి వెళ్ళిన రోజు ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది. ఆ ఒక్కరోజు తిరిగి చూస్తాడు. ఒక్క బీము దొరికినా ఆగిపోతాడు. దొరక్కపోతే తెల్లవారి బస్సు. "రా బామ్మర్ది, ఊరు జూపిస్త" అని నాకో అద్దె సైకిల్ ఇప్పించాడు.

మానేరులో నీళ్ళు లేవు. ఇసుక మధ్య అద్దకం రంగు కలిసిన సన్నటి పాయ ఒకటి పారుతోంది. మామూలుగా ఆ వాడల్లో సాంచాల చప్పుడుకు పక్కవాడి మాట వినపడదు. ఆ రోజు నా సైకిల్ గొలుసు కిర్రుమనడం వీధి చివరిదాకా వినపడింది. బావ ప్రతి కార్ఖానా ముందూ దిగేవాడు, లోపలికి పోయేవాడు, వచ్చి "లేదట" అని మళ్ళీ ఎక్కేవాడు. నేనా? దారిలో మిర్చి బజ్జీలు తిన్నాను. తంగళ్ళపల్లి వంతెన మీద సైకిల్ ఆపి, గాలి ఎంత హాయిగా ఉంది బావా అన్నాను. ఆయన "ఆఁ" అన్నాడు. ఇప్పుడు తలచుకుంటే నన్ను నేనే రెండు పీకాలనిపిస్తుంది.

వంతెన దాటాక ఒక కార్ఖానాలో చప్పుడు వినిపించింది. దాన్ని నడిపే ఆసామి బావను చూస్తూనే ఎదురొచ్చాడు. "మంచిగ అచ్చినవే అన్నా. బీము ఎక్కిచ్చి నాలుగొద్దులాయె, మా వాడుకాయన అస్తలేడు. గీ ఒక్కటి అతుకరాదు" అన్నాడు. బావ బీము దగ్గరికి పోయాడు. పోగుల మీద అరచెయ్యి ఆనించి ఒకసారి అటునుంచి ఇటు నిమిరాడు. ఆసామి వైపు తిరిగి నోరు తెరిచాడు. ఈలోపు నేను అందుకున్నాను.

"మా బావ అసుంటోడు కాదు. ఇంకొకల్ల బీము మీద చెయ్యి వెట్టడు" అన్నాను.

ఎంత గర్వం ఆ మాటలో. కార్ఖానాలో పనివాళ్ళంతా నావైపు తిరిగారు. ఆసామి తల దించుకొని "నిజమే తమ్మీ, నేను అడుగుడే తప్పు" అన్నాడు. బావ పోగుల మీది నుంచి చెయ్యి తీశాడు. "ఔ, ఆయన్నే రానియ్యి" అన్నాడు. బయటికొచ్చాక సైకిల్ స్టాండు తియ్యడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. నేను తిరుగుదారంతా ఈల వేస్తూ తొక్కాను.

తెల్లవారి బస్సెక్కాడు. ఆ తర్వాత చుట్టపు చూపుగానే వచ్చాడు. నా మేనకోడలు నాన్నను చూస్తే తలుపు చాటుకు పోయేది. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు మాటల్లో చెప్పాడు, భీవండిలో తనతో ఒకే గదిలో ఉంటున్నది ఆ తంగళ్ళపల్లి వాడుకాయనేనట. మేము ఆ కార్ఖానాకు పోకముందే అతను బస్సెక్కేశాడట. ఆ రోజు ఆ బీము ఎవరిదీ కాదు. చెప్పి బావ నవ్వాడు. నేనూ నవ్వాననే గుర్తు. కడసారి ఆయన్ను అంబులెన్సులో తెచ్చారు.

ఆ సైకిళ్ళ పిల్లలు పోయాక సిరిసిల్లలో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. ముప్పై ఏళ్ళు దాచిన మాట చెప్పేశాను. బావ ఒప్పుకోబోతుంటే నేనే అడ్డం పడ్డానని చెప్పాను. అవతల చేటలో బీడీ ఆకు కదిలిన చప్పుడు వినపడింది.

"గా ముచ్చట నాకెప్పుడో ఎరుక తమ్మీ. బస్సెక్కే ముందల్నే చెప్పిండు. నీ తమ్ముడు గంత మంది ముందల నా ఇజ్జత్ నిలవెట్టిండు, ఇగ నేనెట్ల అతుకుత అన్నడు."

"మరి నన్నొక్క మాట అనకపోతివి గదనే అక్కా."

"అంటే నువ్వు అచ్చుడు బంద్ జేస్తవని. ఆయన ఎట్లనో పాయె. నువ్వన్న రావాలె గద."

ఫోన్ పెట్టేశాక సైకిళ్ళ వాళ్ళకు రానని చెప్పాను. ఎందుకని అడిగితే మోకాళ్ళ నొప్పులన్నాను. ఆ కార్ఖానాలో నేను మాట్లాడింది ఒక్క నిమిషం కూడా ఉండదు. ఆ నిమిషాన్ని మా అక్క ముప్పై ఏళ్ళుగా ఒక్కతే గడుపుతోంది.