మాస్టర్ డిస్కులో రెండు సెకన్లు

దయ్యాల్ని నేను నమ్మను. బారిడీహ్‌లో మా క్వార్టర్‌కి ఇన్వర్టర్ లేని రోజుల్లో కూడా నమ్మలేదు. ఇది చదివాక మీరూ నమ్మనక్కర్లేదు.

మా నాయనమ్మ మా వీధి ఆడవాళ్ల భజన బృందానికి పెద్ద. ప్రతి పాటకీ ముందు "ఊఁ, అందుకోండి" అనేది. అది పిలుపు కాదు, ఆర్డరు. నిరుడు కన్నుమూసింది. సంవత్సరీకానికి వచ్చేవాళ్లకి ఆవిడ పాటల సీడీ ఇవ్వాలని తాత పట్టుబట్టాడు. పెన్‌డ్రైవ్ ఇద్దామన్నాను. తాంబూలంలో అది కనపడదన్నాడు.

నా ఫోనులో ఆవిడవి పదకొండు పాటలున్నాయి. జుగ్సలాయి బజార్లో సీడీ కాపీలు తీసే ఆయన ముందే హెచ్చరించాడు: "మాస్టర్ మే గల్తీ, తో పచాసోఁ మే గల్తీ." మాస్టర్‌లో, అంటే కాపీలు తీసే మొదటి డిస్కులో, తప్పుంటే యాభై కాపీల్లోనూ అదే తప్పు. అందుకని శ్రద్ధగా దగ్గులు, కుక్కర్ విజిల్, ఫ్యాను రొద అన్నీ తీసేశాను. ఆ "అందుకోండి"లు కూడా. ప్రతి పాటకీ ముందు రెండు సెకన్ల శుద్ధమైన నిశ్శబ్దం పెట్టాను. అసలు రికార్డింగుల మీదే సేవ్ చేశాను. తెలివైనవాళ్లు ఇలాగే చేస్తారు, ఒక్కసారి.

డిస్కు రాసి ఇస్తే తాత తన పాత ప్లేయర్లో విన్నాడు.

"మీ నాయనమ్మేదిరా?"

"పాడుతోంది కదా తాతా. సాఫ్ చేశానంతే."

"సెత్త ఊడవమంటే మడిసినే ఊడ్సీసినావు. నాకొద్దు, పట్టుకుపో."

ఆ మాటలు ఇంక ఎక్కడా లేవని చెప్పే ధైర్యం లేకపోయింది. సంవత్సరీకానికి మూడు రోజులే ఉన్నాయి. ఏదో చేస్తున్నట్టు కనపడాలని అవే ఫైళ్లని కొత్త డిస్కు మీద, అంచులు మాత్రమే పట్టుకుని, అన్నిటికన్నా తక్కువ వేగంతో మళ్లీ రాశాను. మార్చింది వేగం ఒక్కటే.

పొద్దున్నే తాత ప్లేయర్లో పెట్టాడు. నేను క్షమాపణ సిద్ధం చేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. మొదటి పాటకి ముందు, నేను పెట్టిన నిశ్శబ్దంలో, "ఊఁ, అందుకోండి" అని వినిపించింది. పదకొండు పాటలకీ పదకొండుసార్లు.

"ఆఁ. ఇప్పుడొచ్చింది" అని తాత కాళ్లు చాపుకున్నాడు.

కంప్యూటర్లో చూశాను. ఆ రెండు సెకన్ల చోట శబ్దాన్ని చూపించే గీత చదునుగానే ఉంది. డిస్కు నుంచి తిరిగి కాపీ చేసినా అంతే. జుగ్సలాయి దుకాణంలో ప్లేయర్లో పెడితే మాత్రం పలికింది. తెలుగు ముక్క రాని ఆ దుకాణం ఆయన టీ గ్లాసు కింద పెట్టి నిటారుగా కూర్చున్నాడు. యాభై కాపీలూ పలికాయి. ఇంజనీరైన మా బాబాయి లేజర్ గురించి అరగంట చెప్పి, చివరికి రెండు కాపీలు పట్టుకుపోయాడు.

నాయనమ్మకి బతికుండగానే కంప్యూటరంటే పడేది కాదు. ఇంతకన్నా మంచి కారణం నాకు దొరకలేదు.

ఆవిడ ఉన్నన్నాళ్లూ ఒక్క పాటా పాడని తాత, ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆవిడ అనగానే అందుకుంటున్నాడు. ఆ గొంతు డిస్కులోకి ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. తాత గొంతు ఎక్కడినుంచి వస్తోందో మాత్రం వీధంతటికీ తెలుసు.