ఆరని బట్ట మీద పులి

ఆ రోజుల్లో బందరులో ఆదివారం మధ్యాహ్నం భోంచేశాక నిద్ర పట్టని కుర్ర ఉద్యోగికి చేసేందుకు ఏ పనీ ఉండేది కాదు. అందుకని మేం ముగ్గురం యుద్ధాలు చేసేవాళ్లం. ఒకరు కథ చెబుతూంటే మిగతావాళ్లు తలా ఒక వీరుడై, పాచిక వేసి, పడిన అంకెను బట్టి గెలవడమో చావడమో, అదీ ఆట. (ఇరవై ముఖాల పాచిక మా ఊళ్లో దొరక్క స్టీలు గ్లాసులో చీటీలు వేసుకునేవాళ్లం.) విదేశాల నుంచి వచ్చిన ఆ ఆట పుస్తకం నిండా మంచుకొండలూ కోటలూ. మేం మంచును ఫ్రిజ్‌లో తప్ప చూసిన వాళ్లం కాదు. కాబట్టి రాక్షసుల్నీ వీరుల్నీ మేమే తయారు చేసుకున్నాం. కథ చెప్పే నేను దివిసీమ ఉప్పుటేరులో ఒక రక్కసిని పుట్టించాను. గుడివాడ మావయ్య (ఎవరికీ మావయ్య కాదు, బొజ్జ వల్ల వచ్చిన వరస) చేపల చెరువుల మంత్రగాడయ్యాడు. పెడనలో కలంకారీ అచ్చులు అద్దే మా స్నేహితుడు, మేం బావా అని పిలిచే మూడోవాడు, అచ్చుల వీరుణ్ణి సృష్టించాడు. ఆ వీరుడు బట్ట మీద పులిని అద్దితే పులి లేచి వస్తుంది.

చిక్కల్లా బావ తన పని పద్ధతిని ఆటలోనూ వదలకపోవడం. రక్కసి మీద పడుతూంటే అతని వీరుడు బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టేవాడు.

"బావా, అది నిన్ను తినేస్తోంది," అనేవాణ్ణి.

"తిననీ బావా. నానకుండా అద్దితే రంగు పట్టదు."

పులి ఒక్కసారీ లేవలేదు. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం, బావ కూడా.

తరువాత బావ మంచం పట్టాడు. ఇక కోలుకోడని డాక్టరు చెప్పేశాడు. చీటీల గ్లాసు పట్టుకుని పెడన వెళ్లాం. "ఈసారి రక్కసి నీకోసం ఆగుతుందిలే బావా," అన్నాను.

"ఎందుకాగుద్ది? జాలిపడి ఆగితే అదేం గెలుపు?" అని తనే ఉపాయం చెప్పాడు. "మావయ్య దాన్ని చెరువుల చుట్టూ తిప్పుతాడు. నేను రోజుకో పని చేసుకుంటా. ఒక్కసారి నా పులి లేవాలి బావా, అంతే."

ఆఫీసు అవగానే రోజూ వెళ్లేవాళ్లం. మంచం మీంచే అతను ఆటలో బట్ట నానబెట్టాడు, అద్దాడు, కాలవలో ఉతికాడు, రాగి కాగులో ఉడికించాడు. ఊహలో గట్ల మీద పరిగెడుతున్న మావయ్య నిజంగానే రొప్పేవాడు. ఎరుపు తేలిందని చెప్పిన రోజు బావ ముఖం వెలిగిపోయింది. ఇక ఆరడమే మిగిలింది, ఆరితే పులి లేస్తుంది.

మర్నాడు ముసురు పట్టింది.

"ఆరదు బావా," అన్నాడు కిటికీలోంచి చూస్తూ. కథ నాది, అందులో ఎండ కాయించడం ఎంతసేపు? నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "బయట వాన పడతా ఉంటే లోపల ఎండేంటి?"

ముసురు విడిచేసరికి బావ లేడు. చిన్నపిల్లల్లా ఏడ్చాం. ఆ ఆట మళ్లీ ముట్టుకోలేదు.

ఇప్పుడు మావయ్యకు షుగరు, నాకు బట్టతల. మొన్న పొద్దున్నే ఫోన్ చేస్తే రొప్పుతూ ఎత్తాడు. వాకింగా అని అడిగాను.

"రక్కసిని తిప్పుతున్నా. ఇక చాలని బావ చెప్పలేదు కదరా."

నవ్వాను. ఫోన్ పెట్టేసి వాకిట్లోకి వెళ్లి, ఎండ ఎలా ఉందో చూశాను.