శుక్రవారం కొవ్వొత్తులు

తొంభైల చివర ఒక శుక్రవారం, గుంటూరులో పొన్నూరు బస్సును నా పురుగుమందు డబ్బాల కోసం ఆపించాను. కండక్టరు మా ఊరివాడు. "ఆగరా, కొంపలేం మునిగిపోవు" అన్నాను. డబ్బాలు ఎక్కించి, తీరిగ్గా టీ కూడా తాగి వచ్చాను.

పక్క సీట్లో ఒక నడివయసు మనిషి కూర్చున్నాడు. మెడలో ఆరు కోణాల నక్షత్రం ఉంది.

"ఇదేం బిళ్ళండీ?" అని అడిగాను.

"దావీదు నక్షత్రమండి. మేం యూదులం."

"అంటే చర్చివాళ్ళేగా?"

"చాలామంది అట్లాగే అనుకుంటారండి" అని నవ్వాడు. "మాకు శనివారం విశ్రాంతి, అది శుక్రవారం పొద్దుగుంకగానే మొదలవుతుంది. ఇవాళ పొద్దుగుంకేలోపే ఇంట్లో దీపాలు పెట్టాలి. ఆ తర్వాత నిప్పు ముట్టించకూడదు, బండి ఎక్కకూడదు."

ఆయన ఒళ్ళో రెండు కొవ్వొత్తులున్నాయి.

ఆయన ఊరు చేబ్రోలు ఇంకా రాలేదు. పత్తిచేల మీద పొద్దు గుంకింది. ఆయన లేచి బస్సు ఆపమన్నాడు.

"మీ ఊరింకా రెండు మైళ్ళుంది పెద్దాయనా. ఎవరు చూడొచ్చారు, కూర్చో" అన్నాడు కండక్టరు.

"నడుస్తాలే బాబూ."

"నేను టీకి ఆగకపోతే చేరేవారు" అన్నాను.

"నేనే ముందు బస్సుకి రావాల్సిందండి" అంటూ కొవ్వొత్తులు నా చేతిలో పెట్టాడు. "ఇవాళ్టికి మాకు పనికిరావు. మీ ఇంట్లో వెలిగించుకోండి."

నేను ఇల్లు చేరేసరికి కరెంటు లేదు. మా ఆవిడ కొవ్వొత్తులు చూసి అగ్గిపెట్టె తెచ్చింది. వద్దన్నాను. ఎందుకని అడిగింది.

నా మూలంగా ఒక ఇంట్లో ఇవాళ దీపం లేదని చెప్పాను. ఆమె అగ్గిపెట్టె పక్కన పెట్టి, నా దగ్గర కూర్చుంది.