మావయ్య ఎదురుచూసిన క్రాష్

మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను పవర్ హౌస్ దగ్గర, హథ్‌ఖోజ్ వెళ్ళే ఆటోలో కూర్చుని ఉన్నాను. పొద్దున టీ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడట, గ్లాసు కింద పెట్టాడట, అంతే. ఆటో ఇంకా నిండలేదు. "దీదీ, ఉతర్నా హై క్యా?" అని డ్రైవర్ అడిగితే దిగిపోయాను. దిగుతూ నేను మొదట ఆలోచించింది, ఈ కబురు నాతో పనిచేసే తులేశ్వరికి నాకంటే ముందే తెలిసిందా అని.

పోయినవాళ్ళ గురించి కృతజ్ఞతతో రాయాలి. కృతజ్ఞత ఉంది. దానికి మించి కుళ్ళు ఉంది. ఒకటి వదిలేసి ఇంకొకటి రాయడం నావల్ల కావడం లేదు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. తాతయ్య విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి, స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవాడు. ఆ ఇంట్లో ప్లాంటు గేటు దాటి లోపలికి వెళ్ళని మగవాడు మావయ్య ఒక్కడే. హథ్‌ఖోజ్‌లో విడిభాగాలు చేసే ఒక చిన్న కార్ఖానాలో కంప్యూటర్లు చూసుకునేవాడు. పిల్లల్లేరు. నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఎక్కడ చేరినా రెండు నెలలు నిలవక తిరుగుతుంటే తన దగ్గరికి రమ్మన్నాడు. ఆ లేని పిల్లల చోటు నాదేనని అనుకుంటూ వచ్చాను.

కార్ఖానా మొత్తానికి ఒకటే సర్వర్. గేటు దగ్గర లారీలను తూచే కాటా కూడా దానికే తగిలించి ఉండేది. ఆ సర్వర్ ఉన్నట్టుండి పడిపోయేది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటినీ నడిపించే కెర్నెలే ఆగిపోయి తెర నల్లబడేది. ఎవరో ఒకరు పరుగెత్తి పవర్ స్విచ్ నొక్కేవారు. మిషన్ లేచేది. కానీ ఎందుకు పడిందో చెప్పే సంగతులన్నీ మెమరీలోనే ఉంటాయి కనుక, స్విచ్ నొక్కగానే అవి తుడిచిపెట్టుకు పోయేవి.

మావయ్య దీనికి ఒక ఏర్పాటు చేశాడు. మెమరీలో కొంత ముందే పక్కకి తీసి, అందులో రెండో చిన్న కెర్నెల్‌ని కూర్చోబెట్టాడు. మొదటిది నడుస్తున్నంతకాలం దానికి ఏ పనీ లేదు. మొదటిది పడిపోగానే ఇది లేచి, పడిపోయినదాని మెమరీని ఉన్నదున్నట్టు డిస్కు మీదికి రాసిపెడుతుంది. ఆ రాసినదాన్ని డంప్ అంటారు. అది పూర్తయ్యాకే మిషన్ మళ్ళీ మొదలవుతుంది.

"కొన్న మెమరీ అంతా కనబడట్లేదేంటి భాయ్? కౌన్ ఖా గయా?" అని కార్ఖానా సేఠ్‌జీ గోల.

"ఎవరూ తినలేదు సేఠ్‌జీ, అట్టిపెట్టాను," అని మావయ్య.

డంప్ రాయడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపూ తెర నల్లగానే ఉంటుంది, బయట లారీలు హారన్లు కొడుతుంటాయి. గేటు మనుషులు ఆగలేక మధ్యలోనే స్విచ్ నొక్కేశారు. సగం రాసిన డంప్ దేనికీ పనికిరాలేదు. మర్నాడు మావయ్య తన టిఫిన్ డబ్బా మూత తెచ్చి స్విచ్ మీద టేపుతో అంటించేశాడు. అప్పట్నుంచి డబ్బాకి న్యూస్‌పేపరు కట్టుకుని వచ్చేవాడు. అత్త కొత్త డబ్బా కొంటానంటే ఒప్పుకోలేదు.

"పడిపోయినోడిని లేపీముందర ఏటైందో అడగాల," అనేవాడు. "అడక్కండా లేపీస్తే మళ్ళీ అక్కడే పడతాడు."

ఇక తులేశ్వరి. దుర్గ్ పక్క పల్లె నుంచి వచ్చే అమ్మాయి, తెలుగుది కాదు, నాతోపాటే పనిలో చేరింది. చుట్టరికం కనబడకూడదని మావయ్య ఆఫీసులో నాతో హిందీలోనే మాట్లాడేవాడు. నేను "సర్" అనాలి. ఆ పిల్లతో మాత్రం సరదాగా మా తెలుగు. "ఏటే, తిన్నావా?" అంటే "తిన్నాను సర్జీ, మీరేటి తిన్నారు?" అని ముద్దుముద్దుగా అప్పజెప్పేది. నాకు ఒళ్ళు మండేది. అది మా ఇంటి మాట. ఆ ఇంట్లో నేను మాట్లాడేది సగం హిందీయే అనుకోండి.

మూలనున్న పాత మిషన్‌ను కావాలని పడగొట్టి, దాని డంప్ చదవడం మా ఇద్దరికీ నేర్పాడు. నేను చివరి లైన్లు చూసి జవాబు చెప్పేసేదాన్ని, చాలాసార్లు సరిగ్గానే. "చూడకుండా చెప్పొద్దు," అని హిందీలో చీవాట్లు. తులేశ్వరి మొదటి లైను నుంచి వేలు పెట్టి చదివి చదివి తప్పు చెప్పేది. "షాబాష్, ఇంకోపాలి చూడు," అని ఆమెకి తెలుగులో బుజ్జగింపు.

సర్వర్ విషయంలో నేను మొదట్నుంచీ ఒకటే చెప్పాను: తప్పు కాటాని కలిపే కార్డు డ్రైవర్‌ది, అంటే ఆ కార్డుని నడిపే చిన్న ప్రోగ్రామ్‌ది. మావయ్య అవునన్లేదు, కాదన్లేదు. డంప్ రానిమ్మన్నాడు. మూత అంటించాక ఆ సర్వర్ నెలల తరబడి పడలేదు. పడితే బాగుణ్ణని ముగ్గురం దానివంక చూస్తూ కూర్చున్నాం. మావయ్యే ముందు వెళ్ళిపోయాడు.

కర్మ రోజుల్లో నేను అత్త దగ్గర ఉండి, వచ్చేవాళ్ళకి టీలు అందిస్తున్నాను. తులేశ్వరి ఫోన్ చేసింది.

"దీదీ, సర్వర్ గిర్ గయా. డంప్ దొరికింది."

సేఠ్‌జీ స్వయంగా వచ్చి స్విచ్ నొక్కమన్నాడట. ఈ పిల్ల మూతకి వీపు ఆనించి నిలబడి, ఆగమని సర్జీ చెప్పారందట. "సర్జీ పోయారు కదమ్మా" అని ఆయనంటే, "పోయినా చెప్పారు కదా" అందట.

అక్కడ నిలబడాల్సింది నేను. మావయ్య చివరి పని నా చేతుల్లో పూర్తికావాలి. నేను గ్లాసులు కడుగుతుంటే ఆ పిల్ల పట్టేసుకుంది.

"తెరిచి చూశావా?" అన్నాను.

"లేదు దీదీ. మీరొచ్చాకే."

మర్నాడు వెళ్ళాను. కుర్చీ నాకిచ్చి తను స్టూలు లాక్కుంది. నేను అలవాటు ప్రకారం చివరికి దూకాను. అక్కడే ఉంది. ఆ డ్రైవర్, ఎప్పుడో వదిలేసిన మెమరీని మళ్ళీ ముట్టుకుని మొత్తాన్ని పడగొట్టింది. నేను చెప్పిందే నిజం. 'చూశావా మావయ్యా' అనబోయి తల తిప్పితే తులేశ్వరి ఉంది.

"సర్జీ నాతో అన్నారు దీదీ," అంది. "'మా గుంట చెప్పిందే అయ్యుంటాది. కానీ దానికి ఇప్పుడే చెప్పను. చెప్తే ఇంక చదవడం మానీస్తాది' అని."

తెలుగులోనే అంది, అచ్చం మావయ్యలాగే సాగదీసి. గుంటా అన్నది, పిల్లా అన్నట్టు, ఆయన నన్ను ఇంట్లో పిలిచే పిలుపు. నన్ను మెచ్చుకున్న మాట నాకివ్వకుండా పట్టుకెళ్ళి ఈ పిల్లకి ఇచ్చాడు. సంతోషించడానికి కూడా నేను ఆమె చెప్పేదాకా ఆగాల్సి వచ్చింది.

పెద్దకర్మ నాడు తులేశ్వరి మా ఇంటికి వచ్చింది. చెప్పులు విడిచినచోటే నిలబడిపోయింది.

"ఆ పిల్ల ఎవులే? మనకేటవుద్ది?" అని పెద్దమ్మ అడిగింది.

ఏటీ అవదు అనడానికి నోరు తెరిచాను. "మావయ్య దగ్గర పని నేర్చుకుంది," అన్నాను. పెద్దమ్మ ఇంకా నావంకే చూస్తోంది. "నాకంటే బాగా."

"అయితే అలా గుమ్మంలో నిలబెట్టీసేవేటే? లోపలికి తీసుకురా."

బంతిలో నా పక్కనే కూర్చోబెట్టారు. నా ఆకులో ఇంకా ఏదీ పడకముందే అమ్మ ఆమెకి రెండో గారె వేసింది. నేను చూస్తూనే ఉన్నాను. టీ తాగేటప్పుడు, ఆటో కోసం నిలబడ్డప్పుడు, నేను సెలవు పెట్టిన రోజుల్లో, ఈ పిల్లతో మావయ్య ఇంకెన్ని మాటలు అని ఉంటాడు? అవన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి, అడగనిదే రావు. అడగడం నాకు ఎంత కష్టంగా ఉందో ఆమెకి తెలియదు.

"ఇంకేటన్నాడు?" అన్నాను.

ఆమె నోటినిండా గారె. ఎడమచెయ్యి పైకెత్తి, ఆగమన్నట్టు నాకు చూపించి, నెమ్మదిగా నమలసాగింది.