ముప్పై ఏడు అడుగులు

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే తొమ్మిదేళ్ళ మూడు నెలల వయసులో, మా మేనత్త వెంట రోజూ పొద్దున్నే తోట చివరి బాటలో నడిచేదాన్ని. నూజివీడుకు ఇవతల మా మామిడితోట అయిపోయిన చోట చిట్టడివి మొదలయ్యేది. ఆ రెంటి మధ్యనే బాట. ఫాల్గుణంలో అత్తయ్య పూతకు పురుగు పట్టిందేమో చూసుకునేది, నేను పిట్టల్ని లెక్కపెట్టేదాన్ని. మోదుగపూల మీద గోరింకలు, ఎండుకొమ్మ మీద వడ్రంగిపిట్ట, పొదలో జెముడుకాకి. ఇంటికి రాగానే పలక మీద అంకెలు వేసేదాన్ని.

ఒకరోజు తీతువు ఒకటి మా తలల మీదే అరుస్తూ తిరిగింది. అత్తయ్య నా భుజం పట్టి ఆపింది. నా కాలికి జానెడు దూరంలో, గులకరాళ్ళ మధ్య, రాళ్ళలాగే మచ్చలున్న నాలుగు గుడ్లు.

మర్నాడే అక్కడి గడ్డి తగలబెట్టే రోజు. వేసవిలో అడవి మంట తోటలోకి రాకుండా బాట పక్కన ఎండుగడ్డిని ముందే కాల్చేయడం మా వైపు అలవాటు. గుడ్లున్న చోట చాపంత మేర గడ్డి చెక్కి, మంట తగలకుండా వదిలేయిస్తానని అత్తయ్య మాటిచ్చింది. నాకు నమ్మకం చాలలేదు. మర్నాడు ఆ చోటు దొరక్కపోతే? సాయంత్రం ఒక్కదాన్నే వెళ్ళి గుడ్ల పక్కన పుల్ల పాతి, నా ఎర్ర రిబ్బను కట్టి వచ్చాను.

పొద్దున మేం వెళ్ళేసరికి పుల్ల దగ్గర నుంచి కాకి లేచింది. గుడ్లు మూడే ఉన్నాయి. పక్కన పెంకు.

అత్తయ్య తిట్టలేదు. పుల్ల పీకి రిబ్బను నా చేతిలో పెట్టింది. "మనకొక్కళ్ళకేనా కళ్ళున్నాయే కోడలా?" అంది. బాట మొదట్లో ఉన్న నేరేడుచెట్టుకు నా వీపు ఆనించి, ఎదురుగా దూరాన ఉన్న తాటిచెట్టు మీద చూపు పెట్టి నడవమంది. గుడ్ల దాకా ముప్పై ఏడు అడుగులు. ఆ అంకెను మనసులో ఉంచుకోమంది.

కూలీలు వచ్చారు. అపశకునం పిట్టకి ఇంత మర్యాదేంటండీ అని మేస్త్రి నవ్వాడు. అత్తయ్య అతనికి లెక్క చెప్పి, మంట దారి తప్పకుండా చూడటానికి తాటిచెట్టు వైపు వెళ్ళింది. అటునుంచే నిప్పు పెట్టారు. గాలి మా మీదికి తిరిగింది. మేస్త్రి పొడుగాటి మనిషి. నేరేడు దగ్గర మొదలుపెట్టి పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ నడిచి, ఎక్కడో ఆగి, పారతో గడ్డి చెక్కడం మొదలుపెట్టాడు.

అక్కడ కాదన్నాను.

"లెక్క తప్పలేదు పాపగారూ. ముప్పై ఏడే."

"అవి నా అడుగులండీ."

అతను నా పాదాల వైపు చూశాడు. ఆ తర్వాత మంట వైపు చూశాడు. నేను వెనక్కి పరుగెత్తి చెట్టుకు వీపు ఆనించాను. పొగలో తాటిచెట్టు కనబడలేదు. పొద్దున నడిచిన దిక్కునే పెట్టుకుని లెక్కపెడుతూ నడిచాను. ముప్పై దగ్గర కళ్ళు మండి మూతపడ్డాయి. ముప్పై ఏడు దగ్గర ఆగి వంగి చూస్తే రాళ్ళు. చాలాసేపు రాళ్ళే. అప్పుడు వాటిలో మూడు గుడ్లయ్యాయి.

మేస్త్రి చుట్టూ చెక్కేశాడు, చాప కాదు, రెండు చాపలంత. మంట ఆ మట్టి దాకా వచ్చి, రెండుగా చీలి, దాటిపోయింది.

అత్తయ్య వచ్చి విషయం విని, కూలీలందరి ముందూ, "తప్పు నాది. ఎవరి అడుగులో చెప్పలేదు" అంది. పెద్దవాళ్ళు అలా అనగా నేను వినడం అదే మొదలు. పంతొమ్మిదో రోజున రాళ్ళ మధ్య మూడు పిల్లలు పరుగెత్తాయి. మూడుసార్లు లెక్కపెట్టాను.

ఈ ఫాల్గుణంలో అదే బాటలో మా మనవరాలికి తీతువు గుడ్లు కనబడ్డాయి. ఫొటో తీసి, లొకేషన్‌తో సహా వాట్సాప్ గ్రూపులో పెడతానంది. ఫోన్ జేబులో పెట్టించి, నేరేడుకు వీపు ఆనించి నడిపించాను. ఇంటికొచ్చి నా పుస్తకంలో రాసుకున్నాను: నలభై ఒకటి. పక్కనే, మనవరాలి అడుగులు.