నాలుగు క్యాపులు, ఐదు చప్పుళ్లు

సింహాద్రి అప్పన్న సాక్షిగా చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. నమ్మకపోయినా ఫరవాలేదు... చివరిదాకా వినండి.

మా ఆయన పోర్టులో క్రేన్ నడిపేవారు. సెలవు రోజుల్లో మాత్రం పాత పికప్ బండే లోకం. పెరట్లో రేకుల షెడ్డు వేసి, దాని ఇంజిన్ మొత్తం విప్పారు. మళ్లీ బిగించాక నన్ను భీమిలి తీసుకెళ్తానన్నారు. విప్పడం వరకే అయింది. కిందటేడు వానల్లో గుండె ఆగింది.

నాకు ఏడుపు రాలేదు. ఏడాది దాటినా రాలేదు. వండుకోవడం, దీపం పెట్టడం, పడుకోవడం. ఇంత అన్నం పెట్టినందుకు స్వామికి రోజూ దండం పెట్టాను. ఆ దండం కూడా చేతులే పెట్టేవి.

ఈ దసరాకి ఆయుధపూజ చేశాను. పిస్టన్ రాడ్లు నాలుగూ బల్ల మీద వరసగా ఉన్నాయి. వాటి అడుగున బిగించే క్యాపులు నాలుగూ జిడ్డు కాగితం మీద ఉన్నాయి. క్యాపులను కిరసనాయిలుతో కడిగి, పసుపు రాసి, ఇత్తడి పళ్లెంలో పెట్టాను. కాగితం తగలబెట్టాను.

సాయంత్రం సత్తిబాబు వచ్చాడు. ఆటోనగర్‌లో మెకానిక్. మా ఆయన్ని బావా అనేవాడు, అక్కనని నన్ను అప్పా అంటాడు. ఇంజిన్ తను బిగిస్తానన్నాడు.

"అప్పా, క్యాపుల కింద పేపరుండాల. ఏదీ?"

"మురిగ్గా ఉందని కాల్చీసినాను తమ్ముడూ."

"ఓలమ్మో! బావ అందులో పెన్సిల్తో నంబర్లేసినాడు. ఏ క్యాపు ఏ రాడ్డుదో ఇంకెలా తెలుత్తాది? ఇనుము మీద గుర్తులు ఎప్పుడో అరిగిపోనాయి."

"ఏదో ఒకటి పెట్టి సూడకూడదేటి?"

"సెప్పులేటి, తొడిగి సూడ్డానికి? మారితే ఇంజిన్ తిరక్కుండా పట్టేత్తాది. రాడ్లు తిప్పే క్రాంకు ఇరుసు గీసుకుపోతాది. ఇంక బండి తుక్కే." నవ్వాడు. "బతికున్నన్నాళ్లూ నన్ను నట్టు ముట్టుకోనిచ్చీవోడు కాదు. పోతా పోతా పొడుపుకథ ఇచ్చి పోనాడు."

రేపొస్తానని వెళ్లిపోయాడు. నేను బడికి వెళ్లలేదు. నాన్న ఇంట్లోనే అంకెలు దిద్దించారు. చదవగలను. ఆ కాగితం చదవలేదు. అంతే.

షెడ్డుకి తాళం వేసి, చెవి దేవుడి గూట్లో పెట్టాను.

ఎంత రాత్రయిందో తెలియదు. మెలకువ వచ్చింది. ఎక్కడో ఓడ కూత... ఆగింది. తరవాత...

టక్.

ఇనుము చెక్క మీద పెట్టిన చప్పుడు. మెల్లగా. జాగ్రత్తగా.

పెరట్లోకి నడిచాను. కాళ్ల కింద సిమెంటు చల్లగా ఉంది. షెడ్డు తలుపుకి తాళం ఉంది. లోపల చీకటి. కిరసనాయిలు వాసన...

మా ఆయనది పద్మనాభం ఊరి దగ్గర వరి పండించే ఇల్లు. ధాన్యం కొలిచేవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. ఆయన నట్లు కూడా అలాగే లెక్కపెట్టేవారు.

"లాభం," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

టక్.

"రెండు."

చాలాసేపు ఏమీ లేదు... నా ఊపిరి నాకే వినిపిస్తోంది...

టక్.

"మూడు."

టక్.

"నాలుగు."

భయం వేయలేదు. తలుపు తీస్తే ఆగిపోతుందేమోనని తీయలేదు. వెనక్కి తిరిగాను. అప్పుడు...

టక్.

క్యాపులు నాలుగే.

తెల్లవారి సత్తిబాబు వచ్చాక, అతని ఎదుటే తాళం తీశాను. ఒక్కో రాడ్డు పక్కన ఒక్కో క్యాపు. పసుపు చెదరలేదు. పళ్లెం పెట్టినచోటే ఉంది, ఖాళీగా.

"ఎవులు సెప్పారప్పా నీకు?"

రాత్రి విన్నది చెప్పాను. అతను అలాగే బిగించి, చేత్తో తిప్పాడు. క్రాంకు వెన్నలా తిరిగింది.

నిద్రలో నేనే సర్దానంటాడు. కావచ్చు. ఆ పొద్దున నా చేతులకు కిరసనాయిలు వాసన ఉంది. ముందురోజు కడిగినప్పటిదీ కావచ్చు. కానీ ఏది దేనిదో నాకు తెలియదు కదా.

బండి నడుస్తోంది. స్వామి దయ. సత్తిబాబు నన్ను భీమిలి కూడా తీసుకెళ్లాడు. సముద్రం ముందు ఇంజిన్ ఆపబోతుంటే, ఉండమన్నాను. నాలుగు సిలిండర్ల చప్పుడు వింటూ కూర్చున్నాను. లాభం... రెండు... మూడు... నాలుగు...

ఐదోదాని కోసం ఆగాను.