డీఎన్‌ఏకి ధనావేశం

2012లో నేను అడిక్‌మెట్ పక్క యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ అశోక్ నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. ట్రాన్సిస్టర్‌తో డీఎన్‌ఏని పట్టుకోవడం నా పని. డీఎన్‌ఏకి రుణావేశం, అంటే నెగటివ్ చార్జి ఉంటుంది. అది ట్రాన్సిస్టర్ పైపొరకు అతుక్కుంటే లోపల పారే కరెంటు మారుతుంది. ఆ మార్పును బట్టి డీఎన్‌ఏ ఉందని చెప్పాలి. మూడేళ్ల తర్వాత కూడా నా ట్రాన్సిస్టర్ డీఎన్‌ఏ వేసినా మారేది, ఉత్త ఉప్పునీళ్లు వేసినా మారేది. మా గైడ్ గారు సెమినార్లకు డీఎన్‌ఏ వేసినప్పటి గ్రాఫు మాత్రమే పట్టుకెళ్లేవారు.

మా వీధిలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు, సైన్సు చెప్పేవాళ్లు దొరక్క నన్ను పిలిచారు. గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు గానీ హాల్లో మోకాలు పెట్టే సందుండేది కాదు. డైరెక్టర్ గారు బయోసెన్సర్ల మీద తాము వేసిన బిట్ల పుస్తకం ఇచ్చారు. అందులో డీఎన్‌ఏకి ధనావేశం అని ఉంది.

క్లాసులో అది తప్పని చెప్పి, బోర్డు మీద బొమ్మ గీసి వివరించాను. నాలుగేళ్లుగా పరీక్షలు రాస్తున్న ఒకామె ముందు బెంచీలోంచి లేచి, పుస్తకం మూడుసార్లు బట్టీ పట్టానని, ఇప్పుడు మార్చుకోవడం కష్టమని చెప్పింది. అందరూ నావైపే జాలిగా చూశారు.

సాయంత్రం డైరెక్టర్ గారు పిలిపించారు. పుస్తకం అప్పటికే చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా అన్ని షాపులకూ వెళ్లిపోయిందట.

"జర అర్థం చేసుకోండి మేడమ్. పిల్లలకు సైన్సు కాదు, జవాబు కావాలె," అన్నారు. ముప్పై దాటినవాళ్లు కూడా ఆయనకు పిల్లలే.

"జవాబే తప్పు సార్."

"ఎవరు చూసొచ్చిండ్రు దాన్ని?"

నేను చూశానని అనబోయి ఆగిపోయాను. ఆ పొద్దునే నా ట్రాన్సిస్టర్ ఉప్పునీళ్లలో డీఎన్‌ఏ ఉందని చెప్పింది.

అయినా మర్నాడు క్లాసులో రుణావేశమే అని మళ్లీ చెప్పాను. మూడో రోజు నా స్థానంలో ఒక లా చదివినాయన పాఠం చెబుతున్నారు. ఆయనకు ఏ ఆవేశంతోనూ పేచీ లేదు.

కొన్ని నెలలకు ఆ ముందు బెంచీ ఆమె చాయ్ బండి దగ్గర ఎదురై, సంతోషంగా కొత్త ఎడిషన్ తీసి చూపించింది. మేడమ్ మాట కూడా పెట్టిండ్రని చెప్పింది. చూశాను. ఒకటి ధనావేశం, రెండు రుణావేశం, మూడు ఆవేశం లేదు, నాలుగు పైవన్నీ.

జవాబు నాలుగు. ఆమె దాన్నీ అప్పటికే బట్టీ పట్టేసింది.